యజమాని సంతకం

మా అమ్మను ఇంగ్లండుకు నేనే పంపవచ్చన్న కబురు మొదట నా చెవిన వేసింది మా సందు చివర జిరాక్సు షాపు ఆంటీ. దొండకాయ వేపుడు కోసం వచ్చి, ఆ కబురు చెప్పి, వేపుడు బల్ల మీదే మర్చిపోయి వెళ్ళింది. వెనకాలే పరిగెత్తి ఇచ్చి వచ్చాను. ఆమె మాట ఉన్నది ఉన్నట్టు విని ఉంటే ఈ సంగతి నెల రోజుల్లో ముగిసిపోయేది. వినలేదు కాబట్టి ఇంత రాయాల్సి వస్తోంది.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న కర్రీ పాయింటు. ఒక షట్టరు, ముందు ఒక బల్ల, బల్ల మీద ఏడు స్టీలు గిన్నెలు, గోడకు అంటించిన, ఫోనుతో డబ్బు కొట్టే స్కానరు. గదిలో అన్నం మాత్రం వండుకుని కూరలు కొనుక్కునే కోచింగు పిల్లలు, బస్సు దిగి నేరుగా ఇటే వచ్చే ఆఫీసు ఆడవాళ్ళు, భార్య పుట్టింటికెళ్ళిన మగవాళ్ళు... వీళ్ళందరి ఆకలి దయవల్ల పదకొండేళ్ళుగా మా ఇల్లు గడుస్తోంది. మా ఆయన ఆటో నడుపుతాడు. పొద్దున్నే కొత్తపేట రైతుబజారు నుంచి నా కూరగాయలు తేవడం ఆయన మొదటి సవారీ, కిరాయి రాని సవారీ. అమ్మ మాతోనే ఉంటుంది. చిక్కుళ్ళు ఒలవడం, వెల్లుల్లి పొట్టు తీయడం, నేను ఉప్పు ఎక్కువేశానని చెప్పడం ఆమె డ్యూటీలు.

అమ్మకు ఒక్కతే చెల్లెలు. మా చిన్నమ్మ. నర్సు చదువు చదివి ఇరవై ఏళ్ళ కింద ఇంగ్లండు పోయింది. పెళ్ళి చేసుకోలేదు. అక్కడ ముసలివాళ్ళ మంచాల పక్కన నిలబడి నిలబడి, తను ముసలిది కాకముందే రెండు కిడ్నీలూ పోగొట్టుకుంది. వారానికి మూడు రోజులు ఆస్పత్రిలో కుర్చీలో కూర్చుంటే, మెషిను ఆమె రక్తం కడిగి మళ్ళీ ఒంట్లోకి పంపుతుంది. ఒక్క రోజు తప్పినా ప్రమాదమే. విమానమెక్కి ఇక్కడికి రాలేదు. ఉద్యోగం కూడా మానేసింది. వీడియో కాల్లో ఆమె మొహం కనబడినప్పుడల్లా అమ్మది ఒక్కటే మాట.

"ఒక్కసారి పోయి దాని తలకు నూనె పెట్టొస్త."

మా అమ్మమ్మ కూలికి పోతే, చెల్లెలి తలకు నూనె రాసి, రెండు జడలు వేసి బడికి పంపింది అమ్మే. ఆ పని ఇంకా పూర్తి కాలేదని ఆమె లెక్క. ఇక్కడ నా తల నెరిసిపోతున్నా ఆమె బెంగ మాత్రం ఆ తల మీదే. నాకు కోపం లేదు. కొంచెం ఉంది.

వీసా కావాలంటే అక్కడున్న మనిషే పిలవాలి, అక్కడున్న మనిషే డబ్బు చూపించాలి అనుకున్నాం. "పిలుస్త బిడ్డా, గానీ చూపెట్టనీకి నా దగ్గర ఏమున్నది?" అంది చిన్నమ్మ. ఆ మాట దగ్గర సంవత్సరం పైన ఆగిపోయాం. ఎవరినీ అడగలేదు కూడా. అడిగితే కాదంటారేమోనన్న భయం ఒకటి, అవునంటే పాస్‌పోర్టు, విమానం అంటూ ఎన్ని చేయాలోనన్న భయం ఒకటి. అప్పుడొచ్చింది ఆంటీ, దొండకాయ వేపుడు కోసం.

"ఎవరు చెప్పారమ్మా నీకు, అక్కడివాళ్ళే ఖర్చు పెట్టుకోవాలని? పిలిచేది ఆవిడ పిలుస్తుంది. ఖర్చు నువ్వు పెట్టు. కూతురివి, షాపుంది, అకౌంటుంది. నువ్వే స్పాన్సర్‌వి!"

ఆంటీ వాళ్ళది గుంటూరు వైపు. ముప్ఫై ఏళ్ళ నుంచి ఇక్కడే ఉన్నా మాట మాత్రం ఆ ఊరు వదిలి రాలేదు. కోచింగు పిల్లల ఫారాలు నింపి నింపి, ఏ ఫారం చూసినా ఎక్కడ కొర్రీ పడుతుందో ముందే చెప్పగలదు.

స్పాన్సర్! ఆ మాట నా తలకు ఎంత ఎక్కిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మా చర్చి సంఘంలో క్రిస్మస్ భోజనాలప్పుడు ఎవరు ఏం పెట్టారో మైకులో చదువుతారు. "ఈనాటి బిర్యానీ స్పాన్సరు ఫలానా కుటుంబం" అనగానే అందరూ తల తిప్పి ఆ కుటుంబాన్ని చూస్తారు. నేను ఇన్నేళ్ళలో పెరుగు చట్నీ దాకే ఎదిగాను. పెరుగు చట్నీని మైకులో చదవరు. అలాంటి నన్ను ఒక దేశం వాళ్ళు కాగితం మీద స్పాన్సర్ అని రాసుకుంటారంటే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ పూట బెండకాయ వేపుడులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఒక కోచింగు పిల్ల సాయంత్రం వచ్చి, "ఆంటీ, ఇయ్యాల డైట్ వేపుడు చేసిన్రా?" అంది.

ముందు బ్యాంకు స్టేట్‌మెంటు. ఆరు నెలలది కావాలంది ఆంటీ. మామూలు మనుషులకు అది పది పేజీలు దాటదట. నాకు పప్పు ముప్ఫై, సాంబారు ఇరవై, వేపుడు నలభై. స్కానరు మీద పడ్డ ప్రతి గరిటెకూ ఒక లైను. బ్యాంకులో కౌంటరు అమ్మాయి ప్రింటు నొక్కింది. మిషను ఆగదు. కాగితాలు అయిపోతే ఇంకో కట్ట పెట్టింది. చివరికి లేచి నిలబడింది.

"అమ్మా, గిది మొత్తం కావాల్నా?"

"మొత్తం కావాల్నట బిడ్డా. ముద్ర గూడ కొట్టాలె."

"ప్రతి పేజీకా?"

నేను తలూపాను. ఆ పిల్ల నిట్టూర్చి, మూడు వందల పైచిలుకు పేజీల మీద ముద్ర కొట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చెయ్యి నొప్పి పెట్టకూడదని ఇంటికొచ్చి ప్రార్థన చేసి, మర్నాడు డబ్బాలో చిక్కుడుకాయ కూర తీసుకెళ్ళి ఇచ్చాను. ముద్రలు అవసరమే లేదని, ఫోన్లోంచి నేరుగా పంపినా సరిపోయేదని ఆంటీ తర్వాత చెప్పింది. నేను ఆ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు.

ఆ కట్టను మా ఆయన ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టి తెచ్చాడు. "మనిషంత బరువున్నది. మీటర్ ఎయ్యాలె," అన్నాడు.

ఆంటీ ఒక్కొక్క పేజీ స్కాను చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. పిల్లలు డబ్బు పంపేటప్పుడు పక్కన రాసే మాటలు కూడా అందులో పడ్డాయి. 'దొండకాయ సూపర్ ఆంటీ.' 'నిన్నటి ఐదు.' 'సారీ.' 'పప్పు పప్పు పప్పు.' ఒకచోట 'నాకు నేనే హ్యాపీ బర్త్‌డే' అని ఉంది. ముప్ఫై రూపాయలు. ఎవరో పిల్ల పుట్టినరోజు నాడు మా పప్పు కొనుక్కుపోయి గదిలో ఒక్కతే తిన్నట్టుంది. ఎవరో ఇప్పుడు కనుక్కోలేను. ఆ తర్వాత చాలా రోజులు బల్ల ముందుకొచ్చిన ప్రతి పిల్లకూ ఒక గరిటె ఎక్కువ వేశాను. "షాపు ముంచుతవ్," అన్నాడు మా ఆయన.

ఇక ఉత్తరం. అసలు తంటా ఇక్కడే.

ఖర్చు పెట్టే మనిషి వీసా ఆఫీసుకు ఒక ఉత్తరం రాసివ్వాలి. "నాలుగే ముక్కలమ్మా," అంటూ ఆంటీ నమూనా కాగితం ఇచ్చింది. నేను ఫలానా, ఈమె నా తల్లి, ఖర్చంతా నాది, డబ్బు నా సంపాదన, ఇట్లు. చదివితే నాకు మనసు చివుక్కుమంది. వందనం లేదు. కృతజ్ఞత లేదు. మనిషి మనిషికి రాసినట్టే లేదు.

నా చదువు సంగతి చెప్పాలి. చిన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చేవి. బడిలో పడిపోతే ఎవరు పట్టుకుంటారని అమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించింది. ఆమె చదివింది ఏడో తరగతి. నేను చదివింది ఆమె దగ్గర. పాత క్యాలెండర్ల వెనక అక్షరాలు దిద్దించింది. పాటల పుస్తకం ముందు పెట్టి చదవడం నేర్పింది. లేని చుట్టాలకు ఉత్తరాలు రాయించింది. ఉత్తరానికి ఆమె పెట్టిన వరస ఒకటుంది. మొదట వందనం. తర్వాత కృతజ్ఞత. ఆ తర్వాత మనకున్నదేదీ మనది కాదని ఒప్పుకోవాలి. విషయం చివరికి. పన్నెండేళ్ళకు ఫిట్స్ పోయాయి, దేవునికి స్తోత్రం. వరస మాత్రం పోలేదు.

అందుకని ఆంటీ కాగితాన్ని పోపుడబ్బా కింద పెట్టి, నా సొంతంగా మూడు పేజీలు రాశాను. ఆ ఆఫీసరుకు వందనాలు. ఆయన ఇంటిల్లిపాదికీ వందనాలు. ఫిట్స్ పోయినందుకు, పెళ్ళయినందుకు, షట్టరు కిరాయికి దొరికినందుకు కృతజ్ఞత. ఆపైన ఈ నాలుగు వాక్యాలు. ఇప్పటికీ కంఠతా వచ్చు:

"ఈ ఖాతాలో ఉన్నది ఏదీ నాది కాదు. ఇదంతా నా యజమానుడు నాకు అప్పగించినది. నేను కావలిదాన్ని మాత్రమే. ఆయన ఏ గడియలో అడిగినా పైసాతో సహా అప్పజెప్పవలసినదాన్ని."

మా ప్రార్థనల్లో దేవుణ్ణి యజమానుడా అని పిలుచుకోవడం మాకు అలవాటు. రాసుకున్నది చదువుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే అవి దేవుని కృప తలచుకుని వచ్చినవి కావు. ఎంత బాగా రాశానో చూసుకుని వచ్చినవి. ఇది చదివి ఆ ఆఫీసరు ఒక్క నిమిషం పని ఆపి కిటికీలోంచి చూస్తాడని, రాత్రి ఇంట్లో భార్యకు చెబుతాడని, ఆదివారం ఎటు పోవాలో ఆలోచిస్తాడని కూడా ఊహించుకున్నాను. అమ్మ వీసాకని మొదలుపెట్టి ఆఫీసరు ఆత్మను రక్షించే దాకా పోయాను.

మా ఆయనకు చదివి వినిపించాను. "మన పాస్టర్ గారే నయం. ముప్పావు గంటల ముగిస్తడు," అన్నాడు.

ఉత్తరం ఇంగ్లీషు చేయించాలి. ఆంటీకి చూపిస్తే నాలుగు ముక్కలకు కోసేస్తుందని తెలుసు. ఆమెకు చెప్పకుండా ఎల్బీనగర్ పోయాను. అక్కడ కోర్టు దగ్గర చిన్న బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కాగితాలు ఇంగ్లీషు చేసే పెద్దాయన ఒకరున్నారు. నెమ్మదస్తుడు. అనుమానం వచ్చిన ప్రతి మాటా అడిగి మరీ టైపు చేస్తాడు.

"యజమానుడు అంటే ఓనరే గదమ్మా?"

"ఓనరే అన్నా. అందరికి ఆయనే ఓనర్."

"అచ్ఛా! పెద్ద పార్టీయే అన్నట్టు. పేరు రాయాల్నా?"

"పేరెందుకన్నా? ఆయన తెల్వనోళ్ళు ఎవరున్నరు?" అని చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఆయన 'ఓనర్' అని కొట్టాడు. ఆయన తప్పు ఆవగింజంత కూడా లేదు. స్టాంపు వేసిచ్చిన కాగితాలు తెచ్చి మిగతావాటి మధ్యలో పెట్టాను. ఆంటీ అప్పటికి పప్పు, సాంబారు పేజీలతో యుద్ధంలో ఉంది. స్టాంపు కనబడింది కదా అని చూడకుండానే స్కాను చేసి పంపేసింది.

అమ్మ వీసా ఆఫీసులో వేలిముద్రలు ఇచ్చి వచ్చింది. ఎదురుచూపు మొదలైంది. బట్టలు ఆరేయడానికి మేడ మీదికి పోయినప్పుడు నాదర్‌గుల్ వైపు నుంచి విమానం నేర్చుకునేవాళ్ళ చిన్న చిన్న విమానాలు తిరుగుతుండేవి. అమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. "గిసొంటి దాంట్లనైతే నేను ఎక్క. ముందే చెప్తున్న," అనేది. ఈలోగా కొబ్బరినూనె సీసా ఒకటి కొని, మూత చుట్టూ టేపు వేసి, పైన పాత చీర ముక్క చుట్టి బీరువాలో పెట్టింది.

మూడు వారాలు దాటాక ఆంటీ ఫోను చేసింది. "షాపుకి రామ్మా," అంది. గొంతులోనే తెలిసిపోయింది.

నేను పోయేసరికి కంప్యూటరు ముందు కళ్ళజోడు పైకి తోసుకుని కూర్చుని ఉంది.

"వీసా ఇవ్వలేదు. ఎందుకో చదువుతాను, విను. 'మీ స్పాన్సరు ఖాతాలో ఉన్న డబ్బు ఆమెది కాదని, ఆమె యజమానిదని, ఆయన ఏ సమయంలో అడిగినా తిరిగి ఇవ్వాలని ఆమే రాసి ఇచ్చారు. ఆ యజమాని ఎవరో తెలిపే ఆధారం గానీ, ఈ ప్రయాణానికి డబ్బు వాడుకోవచ్చని ఆయన ఇచ్చిన సమ్మతిపత్రం గానీ జతచేయలేదు.' ఎవరమ్మా ఈ యజమాని? షాపు నీదే కదా? నాకు చెప్పకుండా ఎవరికైనా అమ్మేశావా?"

"లేదాంటీ."

"మరి వడ్డీకి తెచ్చావా? ఎవడైనా అడగ్గానే ఇచ్చెయ్యాలని రాయించుకున్నాడా?"

"లేదాంటీ. ఆయన... దేవుడు."

ఆంటీ నన్ను చూసింది. నేను నేలను చూశాను. వెనక జిరాక్సు మిషను ఎవరి హాల్ టికెట్టో ఐదు కాపీలు తీసింది.

"అయితే దేవుడి దగ్గర్నుంచి నో అబ్జెక్షన్ లెటర్ తేవాలి," అంది చివరికి. "లెటర్‌హెడ్ మీద. సంతకం, సీలు. మీ పాస్టరు గారు అటెస్ట్ చేస్తారేమో కనుక్కో."

నవ్వించాలనే అంది. నాకు నవ్వు రాలేదు, ఆమెకూ రాలేదు. ఎందుకంటే ఆ వారమే చిన్నమ్మకు మెషిను గొట్టం దగ్గర చీము పట్టి, జ్వరమొచ్చి, నాలుగు రోజులు ఆస్పత్రిలో పెట్టుకున్నారు. ఆ సంగతి ఆంటీకీ తెలుసు.

ఇంటికి వచ్చే దారి రెండు వందల అడుగులు. చాలాసేపు నడిచాను. అమ్మ బల్ల వెనక కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"రాలేదమ్మా."

"ఎందుకట?"

చెప్పాను. అంతా చెప్పాను. నమూనా కాగితం పోపుడబ్బా కింద పెట్టింది కూడా చెప్పాను.

"ఆ ఉత్తరం జర చదువు," అంది.

షాపులో నిలబడి మూడు పేజీలూ చదివాను. ఆమె తల వంచుకుని విన్నది. అయ్యాక, "ఒక్క తప్పు లేదు. మంచిగ రాసినవ్," అంది. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి చూస్తే గింజలు చెత్తబుట్టలో, తొక్కలు గిన్నెలో వేస్తోంది. ఆ పూట ఉల్లిపాయలు అవసరమైన దానికంటే ఎక్కువ తరిగాను. మనకున్నది మనది కాదని ఒప్పుకోవడంలో ఇంత గర్వం పెట్టుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. అందరికంటే ఎక్కువ తగ్గించుకున్నదాన్ని నేనే అని ఒక ఆఫీసరు దగ్గర మెప్పు పొందాలని చూశాను. నా మెప్పుకు అమ్మ కట్టిన కిరాయి అది.

మర్నాడు చిన్నమ్మకు ఫోను చేశాం. మెషిను కుర్చీలో ఉంది. నేను ఏడుస్తూ మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఏందే? దేవుని సంతకం తెమ్మన్నరా?"

నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. చెయ్యి కదిలినట్టుంది, మెషిను కీ కీమని కూసింది. ఎవరో నర్సు పరిగెత్తుకొచ్చింది. ఫోనులో కాసేపు ఆస్పత్రి పైకప్పు మాత్రమే కనిపించింది. మళ్ళీ మొహం వచ్చేసరికి కళ్ళు తుడుచుకుంటోంది.

"అక్కా, దాన్ని ఏమనకు. నువ్వు నేర్పిందే రాసింది. మళ్ళ పెట్టుండ్రి. నేను యాడికి పోత?"



మళ్ళీ పెట్టడానికి ఆంటీ షాపులో కూర్చున్నాను. "ఈసారి నా కళ్ళ ముందు రాయి. 'ఈ డబ్బు నాది.' మూడే మాటలు," అంది.

పెన్ను పట్టుకున్నాను. చెయ్యి కదలలేదు. మీరు నవ్వుతారు గానీ, నలభై ఏళ్ళు ఒక వరసలో రాసిన చెయ్యి అది.

"'నా దగ్గరున్నది' అని రాయనా ఆంటీ?"

"వద్దు. ఎవరిదో నీ దగ్గర దాచినట్టుంది."

"'నా చేతుల మీదుగా వచ్చినది'?"

"అమ్మాయ్, అది హవాలా."

"పోనీ, 'నాకు దక్కినది'?"

"లాటరీయా?"

అలా మూడు రోజులు పోయాను, మూడు రోజులూ ఖాళీ కాగితంతో వచ్చాను. ఆంటీ మర్యాదస్తురాలు కాబట్టి కాగితం డబ్బులు అడగలేదు. నాలుగో రోజు నేను పెన్ను మూత తీసి పెడుతూ ఉంటే గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పులతో సందు చివరికి కూడా రాని మనిషి.

"ఇటు తే చెయ్యి," అంది.

ఇచ్చాను. నా కుడిచెయ్యి తిప్పి దీపం వెలుతురులో పెట్టింది. మణికట్టు మీద నూనె చిందిన మచ్చలు, బొటనవేలి పక్కన పెనం అంటిన గీత.

"గిది ఎవరి చెయ్యి?"

"నాదే."

"కాలినప్పుడు మంట ఎవరికైంది?"

"నాకే."

"మరి మంట నీదైనప్పుడు పైసలు గూడ నీయే. రాయి. దేవుడు ఏమనుకోడు. ఆయనకు తెలుగొస్తది."

రాశాను. ఈ డబ్బు నాది. రాసి, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధివైపు చూశాను.

"ఇంకా ఉంది," అంది ఆంటీ. "ముందు రాసిన ఓనరు ఎవరో కూడా చెప్పాలి. లేకపోతే మళ్ళీ అదే అడుగుతారు. రాసుకో. 'గతంలో నేను యజమాని అని రాసింది దేవుణ్ణి ఉద్దేశించి. ఈ ఖాతాలో ఆయనకు వాటా లేదు. ఆయన ఈ డబ్బు తిరిగి అడగరు.'"

నేను 'వాటా లేదు' దగ్గరే ఆగిపోయాను. "అడుగుతడు గదమ్మా?" అన్నాను అమ్మతో, చిన్నపిల్లలా.

"అడుగుతడు. అది మీ ఇద్దరి ముచ్చట. ఆఫీసరు నడిమిట్ల ఎందుకు?"

ఆంటీ పళ్ళు నూరింది. చివరికి ముగ్గురం ఒక మాట మీదికి వచ్చాం. 'ఆయన అంటే దేవుడు. ఆయన ఈ ప్రయాణానికి అభ్యంతరం చెప్పరని నా నమ్మకం.' ఆంటీయే స్వయంగా ఇంగ్లీషు చేసి కొట్టింది. అంతా కలిపి ఎనిమిది వరసలు. ఎల్బీనగర్ పెద్దాయన దగ్గరికి పోనివ్వలేదు. పంపే బటను నొక్కి, "గురువారం బాబా గుడికి వెళ్తాను. మా బాబాకి నేను చెబుతాను, మీ ఓనరుకి నువ్వు చెప్పు. ఎవరో ఒకరు చూసుకుంటారు," అంది.

ఈసారి కవరు వచ్చినప్పుడు నేను గిన్నెలో పులుసు కలుపుతున్నాను. అమ్మే చించింది. పాస్‌పోర్టు తిరగేసి, తన ఫోటో ఉన్న స్టిక్కరు దగ్గర ఆగి, "ఫోటో మంచిగ రాలే," అంది. తర్వాత లోపలికి పోయి బీరువా తెరిచిన చప్పుడు వినిపించింది.

ఆ ఆఫీసరు ఎవరో నాకు తెలియదు. మొదటివారో, వేరేవారో. మూడొందల పేజీల పప్పూ సాంబారూ తిరగేసి, ఒక కర్రీ పాయింటు ఆడది దేవుణ్ణి ఓనరని రాస్తే అదేమిటో అర్థం చేసుకున్నారు. మొదటిసారి కాదన్నవారు కూడా రాసింది రాసినట్టు చదివారు. నేను కోరుకున్నది అదే కదా, నా ఉత్తరం శ్రద్ధగా చదవాలని. వారికి నా కృతజ్ఞత. ఉత్తరం రాసి చెప్పాలని ఉంది గానీ ఆంటీ ఒట్టు వేయించుకుంది.

అమ్మ పోయి మూడు వారాలు ఉండి వచ్చింది. గోంగూర పచ్చడి పట్టుకుపోయింది. చిన్నమ్మ తినకూడదట, కిడ్నీలు లేనివాళ్ళకు ఆకుకూరలు, ఉప్పు పడవు. మూత తీసి వాసన చూసి, మూత పెట్టేదట. రోజుకు ఒకసారి. నూనె సంగతి కూడా అమ్మ అనుకున్నట్టు జరగలేదు. మెషిను దగ్గర సీసా తీస్తే నర్సు వద్దంది. ఇంటికి వచ్చాక చిన్నమ్మ నీరసంతో నిద్రపోయేది. నాలుగో రోజు మధ్యాహ్నం ఆమే కుర్చీ తెచ్చి అక్కను కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర కింద కూర్చుని, తల వెనక్కి వాల్చిందట. జుట్టు చాలా ఊడిపోయింది. రెండు జడలకు రాలేదు, ఒకటే వేశానని చెప్పింది అమ్మ. నూనె సీసా అక్కడే వదిలి వచ్చింది.

వచ్చిన మర్నాడు షాపులో నన్ను కూర్చోబెట్టి నా తలకు కూడా నూనె పెట్టింది. వద్దన్నాను. గిరాకీ ఉందన్నాను. జిడ్డు తలతోనే పప్పు అమ్మాను.

ఆంటీ ఇప్పటికీ దొండకాయ వేపుడు కోసం వస్తుంది. "ఏమ్మా, మీ ఓనరు గారు కులాసానా?" అంటుంది. కులాసానే ఆంటీ, అంటాను. సంఘంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే ఇదే చెప్పాను. అందరూ నవ్వారు. మొదటిసారి నా మాటలు మైకులో వినబడ్డాయి, బిర్యానీ పెట్టకుండానే.

చిన్నమ్మ ఇంకా ఆ కుర్చీకే పోతోంది. కొత్త కిడ్నీ కోసం పేరు రాసిపెట్టారు, వరస ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. సోమ, బుధ, శుక్రవారాలు, మన దగ్గర మధ్యాహ్నం పప్పులో పోపు పడే వేళకు, అక్కడ పొద్దున్నే ఆమెను మెషినుకు కలుపుతారు. నన్ను చూసి నవ్వుకున్నవాళ్ళు బాగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ మూడు రోజుల్లో ఏదో ఒక రోజు, పోపు వాసన వచ్చినప్పుడు, మీరు ఎవరికి దణ్ణం పెట్టుకుంటారో వారి దగ్గర ఆమెను ఒక్కసారి జ్ఞాపకం చేయండి. పేరు అక్కర్లేదు. అక్క చేత తలకు నూనె పెట్టించుకున్న ఆమె అంటే చాలు.